అప్పగింతలు పెళ్ళికేనా?

కర్నూలు జిల్లాలో ఆదోని దాటి పడమటికి పోతే వచ్చే పల్లెల్లో నేను చాలా ఏళ్ళుగా స్త్రీల సంఘాలతో పనిచేస్తున్నాను. ఆ పల్లెల్లో ఒకదాని సంగతి ఇది. ఊరి పేరు రాయను. బడి పేరు, పిల్లల పేర్లు కూడా రాయను. ఒక ఊరినో, ఒక హెడ్మాస్టరునో వేలెత్తి చూపితే మిగతా ఊళ్ళన్నీ ఊపిరి పీల్చుకుంటాయి. అలా ఎవరూ ఊపిరి పీల్చుకోకూడదనే ఇది రాస్తున్నాను.

నిరుడు ఏప్రిల్‌లో బడి చివరి రోజున ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను. ఐదో తరగతిలో తొమ్మిదిమంది ఆడపిల్లలున్నారు. తలకు నూనె రాసుకుని, రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరు గారు తలా ఒక పెన్ను ఇచ్చి, "హైస్కూల్లో బాగా చదువుకోండమ్మా" అన్నారు. అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. జూన్ నెలాఖరులో పక్క ఊరి హైస్కూలుకు వెళ్ళి ఆరో తరగతి హాజరుపట్టీ అడిగి చూశాను. తొమ్మిదిమందిలో ఐదుగురే ఉన్నారు. మిగిలిన నలుగురూ ఏమయ్యారని అడిగితే అక్కడి టీచరమ్మ తేలిగ్గా, "ఆ ఊరివాళ్ళంతే మేడమ్, ఐదు అయిపోగానే మాన్పించేస్తారు" అంది.

నలుగురి ఇళ్ళకూ వెళ్ళాను. ఒక పిల్ల ఏడాది నిండని తమ్ముణ్ణి చంకనేసుకుని గడపలో కూర్చుని ఉంది. ఇంకో పిల్ల మేకల వెంట పోయింది. మూడో పిల్లను సీడు పత్తిలో క్రాసింగు పనికి పంపుతామని ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. నాలుగో ఇంట్లో తల్లి నన్ను కూర్చోబెట్టి, ట్రంకుపెట్టె తీసి, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం బయటికి తీసింది. అది ప్రాథమిక పాఠశాల ఇచ్చిన రికార్డు షీటు. మడత నలగకుండా దాచింది.

"మాన్పియ్యలేదక్కా మేము. ఐదు అయిపాయ. సారు కాగితమిచ్చె. ఆరుకి రాండని ఎవురూ పిల్చలేదు" అంది.

ఆ రికార్డు షీటును హైస్కూల్లో ఇస్తేనే పిల్లను చేర్చుకుంటారని ఆమెకు తెలియదు. చదువు పూర్తయినందుకు ఇచ్చిన కాగితమనుకుంది. ఆమె ఎన్నడూ బడికి పోలేదు. ఆమె కుటుంబంలో ఆరో తరగతి గడప తొక్కిన ఆడమనిషి లేదు. ఇక ఆమెకెలా తెలుస్తుంది?

మానేసింది అనే మాట

మనం రోజూ వాడే మాట ఒకటుంది. డ్రాపవుట్. తెలుగులో చెబితే బడి మానేసిన పిల్ల. ఆ మాటలో కర్త పిల్ల. లేదంటే ఆ పిల్ల తల్లిదండ్రులు. పిల్ల మానేసింది, తల్లి మాన్పించింది అంటాం. ప్రభుత్వం వదిలేసింది అనడానికి మన రిపోర్టుల్లో గడి లేదు. మన సంస్థల ఫారాల్లో కూడా "మానేయడానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. అందులో పేదరికం, ఇంటిపని, తల్లిదండ్రుల నిరాసక్తత, బాల్యవివాహం అని టిక్కు పెట్టుకుంటూ పోతాం. ఆ నలుగురిలో ఏ పిల్లా బడి మానేయలేదు. ఐదో తరగతి చివరి రోజు వరకూ బడికి వచ్చారు. బడే అక్కడితో ఆగిపోయింది. రెండో బడి మొదలయ్యే చోటికి వాళ్ళను ఎవరూ తీసుకుపోలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. మన పాత క్యాలెండరు ప్రకారం బడి ఏప్రిల్ 23న మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. మధ్యలో దాదాపు యాభై రోజులు. మిగతా తరగతుల పిల్లలకు అవి సెలవులు. రెండో తరగతి పిల్ల మూడో తరగతికి వచ్చేటప్పుడు బడి అదే, టీచరు అదే, పట్టీలో పేరు ఉండనే ఉంటుంది. ఐదో తరగతి పూర్తయిన పిల్లకు మాత్రం ఆ యాభై రోజులు సెలవులు కావు. ఆమె పాత బడి పట్టీలో లేదు, కొత్త బడి పట్టీలో ఇంకా చేరలేదు. "రికార్డు షీట్లు ఇచ్చేశాం, మా పని అయిపోయింది" అంటాడు పాత బడి హెడ్మాస్టరు. "మా దగ్గర చేరితేనే కదా మా పిల్లలు" అంటాడు కొత్త బడి హెడ్మాస్టరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ యాభై రోజులు పిల్ల ఎవరి పిల్లా కాదు. ఎండాకాలంలో, కూలి పనుల మధ్య, పెళ్ళి ముహూర్తాల మధ్య ఆమెను అలా వదిలేసి, జూన్‌లో ఆమె తనంతట తాను నాలుగు కిలోమీటర్లు నడిచివచ్చి చేరాలని ఎదురుచూస్తున్నాం. రాకపోతే మానేసింది అని రాసుకుంటున్నాం.

దేశం మొత్తానికి కేంద్ర ప్రభుత్వం వేసే యూడైస్ ప్లస్ లెక్కల్లో 2024-25 సంవత్సరానికి ఐదు నుంచి ఆరుకు వెళ్ళే దశలో 92.2 శాతం మందీ, ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్ళే దశలో 86.6 శాతం మందీ ముందుకు వెళ్ళారని ఉంది. చూడడానికి ఎంత మంచి అంకెలు! పరీక్షలో 92 మార్కులు వస్తే పండగ చేసుకుంటాం. ఇవి మార్కులు కావు, పిల్లలు. మొదటి గడప దగ్గర నూటికి దాదాపు ఎనిమిదిమంది, రెండో గడప దగ్గర పదముగ్గురు వెనకబడిపోతున్నారని దాని అర్థం.

పిల్లలెక్కడున్నారో తెలియదని చెప్పడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. ఇదివరకు కాగితాల రోజుల్లో తెలియదంటే నమ్మేవాళ్ళం. ఇప్పుడు ప్రతి పిల్లా కంప్యూటర్లో పేరుతో, నంబరుతో సహా ఉంది. ఒక బడి వదిలి ఇంకో బడి ఇంకా తీసుకోని పిల్ల పేరు డ్రాప్ బాక్స్ అనే చోట పడి ఉంటుంది. అంటే ఏ పిల్ల గడప మీద ఆగిపోయిందో ప్రభుత్వానికి పేరు పేరునా తెలుసు. తెలిసిన తర్వాత ఆ పిల్ల ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళెవరు? ఆ ఒక్కటే ఎక్కడా రాసి లేదు.

చట్టం ఎవరిని నిర్బంధించింది?

నిర్బంధ విద్య అనగానే తల్లిదండ్రులను నిర్బంధించడమని మనలో చాలామంది అనుకుంటాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం అలా అనలేదు. దాని 8వ సెక్షను చదవండి. నిర్బంధ విద్య అంటే, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ప్రతి బిడ్డనూ బడిలో చేర్చడం, హాజరయ్యేలా చూడడం, ఎనిమిదో తరగతి వరకూ చదువు పూర్తి చేయించడం ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది. 10వ సెక్షను తల్లిదండ్రుల కర్తవ్యం గురించీ చెప్పింది, కాదనను. కానీ వాళ్ళకు శిక్షేమీ పెట్టలేదు. భారం ఎవరి మీద వేయాలో చట్టం చేసినవాళ్ళకు తెలుసు.

ఇంకా ఉంది. తమ బడిలో ఎనిమిదో తరగతి వరకూ లేకపోతే వేరే బడికి మారడం బిడ్డ హక్కు అని 5వ సెక్షను చెబుతోంది. మార్పిడి పత్రం వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షను, గడువు దాటిందని తిప్పి పంపకూడదని 15వ సెక్షను అంటున్నాయి. వలస కుటుంబాల పిల్లలు బడిలో చేరేలా చూడడం స్థానిక అధికార సంస్థ పని అని 9వ సెక్షను విడిగా చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని నియమాల్లో ఉంది. లేనిచోట రవాణా సౌకర్యమో, వసతి సౌకర్యమో కల్పించాలి.

ఇవన్నీ మన శిక్షణా శిబిరాల్లో గోడల మీద చార్టులుగా అంటించాం. ఆ తల్లి ట్రంకుపెట్టె దగ్గర మాత్రం ఇందులో ఒక్క సెక్షను కూడా లేదు.

గడపను ఎక్కడ పెట్టాలో ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉత్సాహమే. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు జీఓ ఇచ్చి, చాలా ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళకు మార్చింది. పదేళ్ళ పిల్ల దాటలేని గడప ఎనిమిదేళ్ళ పిల్ల ముందుకు వచ్చింది. ఊళ్ళల్లో తల్లులు రోడ్డెక్కారు. 2025లో ఆ జీఓను రద్దు చేశారు. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ చర్చంతా టీచరు పోస్టుల గురించీ, పిల్లల సంఖ్య గురించీ జరిగింది. గడప ఎక్కడున్నా సరే, దాన్ని దాటే రోజున పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారన్న మాట ఏ జీఓలోనూ నాకు కనిపించలేదు.

దారి, వాగు, మరుగుదొడ్డి

ఆ ఊరి నుంచి హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు. మధ్యలో వాగు. "వొక్కదాన్నే యెట్ల పంపల్లక్కా?" అని మేకలు కాసే పిల్ల తల్లి అడిగింది. మగపిల్లలకూ అదే దారి, అదే వాగు. వాళ్ళు సైకిలు మీదో, ఎవరి మోటారు సైకిలు వెనకో ఎక్కి పోతారు. ఆడపిల్ల ఎవరి బండి వెనకైనా ఎక్కితే ఊరు నోరు విప్పుతుంది. పిల్ల ఇవాళో రేపో పెద్దమనిషి అవుతుంది, ఎందుకొచ్చిన గొడవ అంటారు. దారి బాగాలేదని పిల్లను ఆపుతున్నాం గాని, పిల్ల కోసం దారిని బాగుచేయమని అడగడం లేదు. భద్రత పేరుతో ఆడపిల్లను ఇంట్లో పెట్టే పాత పద్ధతే ఇది. ఆ ఇంట్లో ఆమెకు భద్రత ఉందో లేదో మాత్రం ఎవరూ అడగరు.

స్త్రీలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఆ ఊరికి బస్సే రాదు. రాని బస్సుకు టిక్కెట్టు ఎంతైతేనేం? పక్క ఊరికి వచ్చే బస్సు బడి మొదలయ్యాక వస్తుంది, బడి వదలకముందే వెళ్ళిపోతుంది. డిపో మేనేజరుకు అర్జీ ఇస్తే, ఆ రూటులో గిట్టుబాటు కాదన్నారు.

తల్లిదండ్రులకు ఇష్టం లేదు గనక ఏం చేసినా లాభం లేదనేవాళ్ళకు నేనొక్క ఉదాహరణ చెబుతాను. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశీలించారు. తగిన వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలకూ వాళ్ళకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరం ఉన్న ఊళ్ళల్లోనే ఆ ఫలితం బాగా కనిపించింది. బీహారు తల్లిదండ్రులకు ఒక్క ఏడాదిలో బుద్ధి మారిపోయిందా? వాళ్ళ బుద్ధి మొదటినుంచీ బాగానే ఉంది. అడ్డం పడింది దూరం.

బడికి చేరిన పిల్లకు ఇంకో అడ్డంకి. ఆరు, ఏడు తరగతుల్లోనే నెలసరి మొదలవుతుంది. అన్ని బడుల్లోనూ ఆరు నెలల్లోగా మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో ఆదేశించింది. నేను చూసిన హైస్కూల్లో మరుగుదొడ్డి ఉంది, తాళం కూడా ఉంది. తాళంచెవి స్టాఫ్ రూములో ఉంది. పదకొండేళ్ళ పిల్ల మగ మాస్టర్లు కూర్చున్న గదిలోకి వెళ్ళి తాళంచెవి అడగాలి. మీరైతే అడుగుతారా?

పసివాడు, పత్తిచేను, సుగ్గి

తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల సంగతికి వద్దాం. ఆమె తల్లి పొద్దున ఆరింటికి కూలికి పోతుంది. అంగన్‌వాడీ తెరిచే వేళ వేరు, బడి వేళ వేరు, కూలి వేళ వేరు. ఆ మూడింటినీ అతికించే పని పదేళ్ళ ఆడపిల్ల మీద పడింది. ఐదో తరగతి వరకూ బడి ఇంటి వెనకే గనక తమ్ముణ్ణి కూడా తెచ్చి పక్కన కూర్చోబెట్టుకునేది. హైస్కూలుకు తమ్ముణ్ణి ఎత్తుకుని నాలుగు కిలోమీటర్లు నడవలేదు. ఇది తల్లి నిర్లక్ష్యమా? ఊళ్ళో పసిపిల్లలను చూసుకునే చోటు లేకపోతే ఆ లోటు ఎవరి శ్రమతో పూడుతుందో స్త్రీల సంఘాల్లో ఉన్న మనకు ఒకరు చెప్పాలా?

జనవరి వచ్చిందంటే ఈ పల్లెలు సగం ఖాళీ అవుతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలు లారీ ఎక్కుతాయి. ఐదో తరగతి పిల్ల చివరి మూడు నెలలు అక్కడి గుడారాల దగ్గరే ఉంటే రికార్డు షీటు ఎవరు తీసుకుంటారు? సీడు పత్తి సంగతి ఇంకా ఘోరం. మొగ్గ గిల్లడానికి, పుప్పొడి అంటించడానికి చిన్న వేళ్ళు, వంగిన నడుములు కావాలంటారు. చిన్నపిల్లలకు కూలి తక్కువ ఇవ్వొచ్చు, ఎదురు మాట్లాడరు. అసలు కారణం అదే. క్రాసింగు పని ఆగస్టులో అందుకుంటుంది. సరిగ్గా కొత్త బడిలో పిల్ల కుదురుకోవాల్సిన నెలలు.

బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అని మన తెలుగు నేల మీదే, 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ గట్టిగా చెప్పింది. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఇంట్లో పసివాణ్ణి ఎత్తుకునే పిల్లను కూడా ఆ మాట లెక్కలోకి తెచ్చింది. కానీ 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత కుటుంబానికి సాయం చేయవచ్చని ఒక కిటికీ తెరిచిపెట్టారు. ఆడపిల్ల చేసే పని ఏదైనా మనవాళ్ళకు సాయంగానే కనిపిస్తుంది. ఆ కిటికీలోంచి బయటికి పోయేది ఎక్కువగా ఆడపిల్లే.

హాస్టలుంది కదా, డబ్బులిస్తున్నారు కదా

అధికారులతో మాట్లాడితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, కస్తూర్బా విద్యాలయంలో చేర్పించండి అని. 2004లో వచ్చిన ఈ పథకాన్ని మనమందరం స్వాగతించాం. దళిత, గిరిజన, వెనకబడిన, మైనారిటీ ఆడపిల్లలు ఎందరో అక్కడ చదివి పైకి వచ్చారు. కానీ మండలంలోని ఆడపిల్లలందరికీ అందులో సీట్లు లేవు. గురుకులానికి పోవాలంటే ఐదో తరగతిలోకే ప్రవేశపరీక్ష రాయాలి. హాస్టలు హక్కుగా ఉండాలి, హైస్కూలుకు దారి లేకపోవడానికి సాకుగా ఉండకూడదు. పదేళ్ళ పిల్ల చదువుకోవాలంటే తల్లిని విడిచి పోవడం తప్ప మార్గం లేదనడం న్యాయం కాదు.

రెండోది, తల్లి ఖాతాలో డబ్బు వేస్తున్నాం అని. 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం. డబ్బు తల్లి చేతికి రావడం మంచిదే. అయితే ఆ డబ్బు పట్టీలో పేరున్న పిల్లకు, హాజరున్న పిల్లకు వస్తుంది. ఆరో తరగతి పట్టీలో పేరే లేని పిల్ల తల్లికి రాదు. గడప దాటినవాళ్ళకు అందే సాయం గడప దాటించలేదు.

ఇక దాటకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. బాల్యవివాహాలు ఆపడానికి పెళ్ళిపందిట్లోకి పోలీసులను వెంటబెట్టుకుని పరుగెత్తుతున్నాం. ఆ పెళ్ళికి ముహూర్తం చాలాసార్లు ఆరో తరగతిలో చేరని జూన్ నెలలోనే పడుతుంది. మనం నాలుగైదేళ్ళు ఆలస్యంగా వెళ్తున్నాం.

మన వంతు

ప్రభుత్వాన్ని మాత్రమే తిట్టి ఊరుకోను. మనమేం చేస్తున్నాం? జూన్‌లో బడిబాట అంటాం. బ్యానర్లు పట్టుకుని ఊరేగింపు చేస్తాం. ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో లెక్క రాసుకుంటాం, పలకల మీద అక్షరాలు దిద్దిస్తూ ఫోటో దిగుతాం. నేను కూడా దిగాను. ఆ తొమ్మిదిమంది పిల్లల్లో కొందరిని ఐదేళ్ళ కిందట ఒకటో తరగతిలో చేర్పించిన ఊరేగింపులో నేనున్నాను. ఆ తర్వాత ఆరో తరగతి పట్టీ అడిగి చూడడం నిరుడే మొదటిసారి. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను. మన దాతల ఫారాల్లో చేరికకు గడి ఉంది, దాటడానికి లేదు. గడి లేని పని మనమూ చేయలేదు.

అప్పగింతల మాట నాకు అప్పుడు తట్టింది. ఇదే ఊళ్ళో పెళ్ళయితే పిల్ల చేతులు పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టి, ఒక్కొక్కరికీ పేరు పేరునా అప్పగిస్తారు. ఆడదాన్ని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి సొత్తులా మార్చే ఆ తంతు మీద మన విమర్శ మనకుంది. కానీ పంపేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఎదురెదురుగా నిలబడే పద్ధతి అందులో ఉంది. పిల్లను ఊరి పొలిమేరలో వదిలేసి, ఇష్టముంటే నడిచి వస్తుందిలే అని ఎవరూ అనరు. పెళ్ళికి అంత జాగ్రత్త పడే సమాజం చదువుకు ఆ పిల్లను పొలిమేరలో ఎందుకు వదిలేస్తోంది?

కాబట్టి మనం అడగాల్సింది ఇది. ప్రతి ఏటా ఏప్రిల్‌లో, బడి మూయకముందే, ఐదో తరగతి పిల్లలనూ తల్లులనూ హైస్కూలుకు తీసుకువెళ్ళాలి. ఇద్దరు హెడ్మాస్టర్లూ ఎదురెదురుగా కూర్చుని పేరు పేరునా జాబితా మీద సంతకాలు పెట్టాలి. రికార్డు షీటు ట్రంకుపెట్టెలోకి పోకుండా బడినుంచి బడికి పోవాలి. పిల్ల తన తరగతి గదినీ, మరుగుదొడ్డినీ చూసి రావాలి. ఏప్రిల్‌లోనే ఆరో తరగతి పట్టీలో ఆమె పేరు ఎక్కాలి. అప్పుడు ఆ యాభై రోజులు ఆమెకూ సెలవులే. జూన్‌లో రాకపోతే కొత్త బడి ఆమె ఇంటికి వెళ్ళాలి. ఆమె నెల రోజులు హాజరయ్యేదాకా పాత బడి బాధ్యత తీరినట్టు కాదు. అప్పర్ ప్రైమరీ ఉన్న ఊళ్ళల్లో ఈ గడప ఏడో, ఎనిమిదో తరగతి తర్వాత వస్తుంది. అక్కడా ఇదే చేయాలి. మూడు కిలోమీటర్లు దాటిన ప్రతి ఊరికీ బడి వేళకు బస్సో, ఆరో తరగతినుంచే సైకిలో ఇవ్వాలి. వలస పిల్లల హాస్టళ్ళు లారీలు కదలకముందే తెరవాలి. విద్యాహక్కును పద్నాలుగేళ్ళ దగ్గర ఆపకుండా పద్దెనిమిదికి పొడిగించాలి.

టీచర్లకు ఇప్పటికే పని ఎక్కువైందంటారు. నిజమే. గుడ్ల లెక్కలు, యాప్‌లలో హాజరు, అన్నీ వాళ్ళ నెత్తినే ఉన్నాయి. అవి తగ్గించమని అడిగే పోరాటంలో మనం టీచర్ల పక్కన నిలబడదాం. కానీ ఒక పిల్లను ఇంకో బడికి అప్పజెప్పడం అదనపు పని కాదు, అది టీచరు అసలు పని. మనకూ చట్టం ఒక చోటు ఇచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులుండాలి, సగం మంది స్త్రీలుండాలి. ఆ సగంలో ఉన్న మన సంఘం స్త్రీలు ఏప్రిల్ సమావేశంలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఐదో తరగతి పిల్లల్ని ఎవరికి అప్పజెప్పారు?

నలుగురు పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. జూలై అంతా తిరిగాం. గడువు అయిపోయిందని ఒకసారి, ఆధార్‌లో పుట్టిన తేదీ కలవలేదని ఇంకోసారి తిప్పి పంపారు. సంఘం స్త్రీలు ఏడుగురు వెళ్ళి 14, 15 సెక్షన్లు తెలుగులో చదివి వినిపించాక చేర్చుకున్నారు. ట్రంకుపెట్టెలోని కాగితంతో ఆ పిల్ల ముందు చేరింది. మేకల పిల్ల ఆమె తోడు దొరికాక చేరింది. తమ్ముణ్ణి చూసే వంతులు సంఘంలో ముసలమ్మలు పంచుకున్నాక మూడో పిల్ల చేరింది. ముగ్గురూ కలిసి వాగు దాటుతున్నారు.

సీడు పత్తికి అడ్వాన్సు తీసుకున్న పిల్లను మాత్రం తేలేకపోయాం. ఆగస్టులో వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఆమె పేరు ఇప్పటికీ ఆ డ్రాప్ బాక్సులోనే ఉంది. పదకొండేళ్ళు నిండాయి. ఆమెకు ఇంకా మూడేళ్ళ హక్కు మిగిలి ఉంది. మళ్ళీ ఏప్రిల్ వస్తోంది. మీ మీ ఊళ్ళల్లో ఐదో తరగతి పట్టీ ఒకటి, ఆరో తరగతి పట్టీ ఒకటి అడిగి, పక్కపక్కన పెట్టి చూడండి. పేరు తప్పిపోయిన ప్రతి చోటా ఒక ఇల్లుంటుంది. ముందు ఆ ఇంటికి వెళ్దాం.